మొదటి పాఠం, నలభై ఒక్కసారి

పొద్దున్న ఐదున్నరకి, ఊరింకా దుప్పటి ముసుగు తీయకముందే, ఫోనమ్మ చెవిలో దగ్గులు మొదలవుతాయి. జలుబు దగ్గులు, జ్వరం దగ్గులు, నిజం దగ్గులు, దొంగ దగ్గులు. ఇరవై మూడేళ్లుగా వింటోంది కాబట్టి ఏ దగ్గు గొంతులోంచి వస్తోందో, ఏది బుర్రలోంచి వస్తోందో ఇట్టే చెప్పేస్తుంది.

"సైన్సు మాస్టారూ, ఆ దగ్గు పోయిన నెలదేగా? ఈసారి కొత్తది తెచ్చుకోండి," అంటుంది. అవతలాయన నవ్వాపుకోలేక, నవ్వుతూనే సెలవు పుచ్చుకుంటాడు.

ఆవిడ అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా లేదు. జిల్లా విద్యా కార్యాలయంలో, మెట్ల కింద గదిలో, హాజరు విభాగం గుమాస్తా ఆవిడ. జిల్లాలో నూట ముప్పై ఏడు బడులు, మూడు వేల పైచిలుకు తరగతి గదులు. ఏ గదిలో టీచరు రాకపోతే ఆ గదికి ఆ పూటకి ఇంకొకరిని పంపించాలి. ఇలా వెళ్లేవాళ్లని బదులు టీచర్లంటారు. కంప్యూటరు తెర మీద గదికొక గడి ఉంటుంది. టీచరు లేని గడి ఎర్రగా ఉంటుంది, ఎవరో ఒకరి పేరు పెట్టగానే పచ్చగా మారుతుంది. ఎనిమిదయ్యేసరికి తెరంతా పచ్చబడాలి. పచ్చబడేది కూడా. బతిమాలో, బెదిరించో, పాత స్నేహాలు తవ్వితీసో ఆవిడ ఒక్క గడి కూడా ఎర్రగా మిగలనిచ్చేది కాదు.

రెండేళ్ల కిందట, ఈ జిల్లా బడుల్ని బాగుచేసి చూపిస్తానని కొత్త డైరెక్టరొకాయన దిగాడు. బడులు బాగుపడాలంటే ముందు ఆఫీసు బాగుపడాలన్నాడు. ఆఫీసు బాగానే బాగుపడింది. రెండంతస్తులది నాలుగంతస్తులైంది. ఏ బడిలోనైనా పాఠం బాగా చెప్పే టీచరు కంటపడితే చాలు, పైకి లాగి, మెడలో కార్డు వేసి, నాణ్యతా సలహాదారు అనో, పరివర్తన సమన్వయకర్త అనో పేరు పెట్టారు. వాళ్లు బడులకెళ్లి, టీచర్లు పాఠం ఎలా చెబుతున్నారో వెనక బెంచీలో కూర్చుని టిక్కులు పెడతారు. చెప్పే టీచరు లేని గదిలో ఏం టిక్కు పెట్టాలో మాత్రం ఆ కాగితంలో లేదు.

ఇంకో ఏర్పాటు కూడా జరిగింది. బదులు టీచరు ఒకే గదిలో వరుసగా ఐదు రోజులు చేస్తే, ఆ గదికి అసలు టీచరు లేడని ఒప్పుకున్నట్టు. గడి శాశ్వతంగా ఎర్రబడుతుంది, ఆ గది పేరు జిల్లా విద్యా బోర్డు సభ్యుల ముందుకు వెళ్తుంది, నెల తిరక్కుండా మనిషిని నియమించి తీరాలి. పాత రూలే అది, మంచి రూలు. దాని నెత్తిన డైరెక్టరు ఒక చిన్న మాట వేశాడు. "నాలుగు రోజులు కాగానే మార్చేస్తూ ఉండండమ్మా. పిల్లలకి కూడా కొత్త ముఖాలు చూసినట్టుంటుంది."

ఫోనమ్మ మార్చేస్తూ వచ్చింది. పై మాట జవదాటే అలవాటు లేదు. పైగా తెరంతా పచ్చగా చూసుకుంటే ఆవిడకీ ముచ్చటగానే ఉండేది. మొన్న వార్షికోత్సవంలో 'సున్నా ఖాళీలు' అని అచ్చువేసిన పటం ఒకటి ఆవిడ చేతిలో పెట్టి ఫోటో కూడా తీశారు. పటాన్ని టేబులు మీద, టీ కప్పు పక్కన నిలబెట్టుకుంది.

ఆ పటం మీద ఒక శనివారం సాయంత్రం మన్ను పడింది.

ఫోనమ్మకి పిల్లల్లేరు. తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. తమ్ముడు లారీల మెకానిక్కు. వాడి కూతురు పిడుగు పదో తరగతి. పేరుకి తగ్గట్టే పుట్టింది. ఆరేళ్లప్పుడే వాళ్ల నాన్న ఏ నట్టుకి ఏ నంబరు స్పానరు కావాలో కంటితో కొలిచి అందించేది. ఆ పిల్ల సాంకేతిక కళాశాలలో చేరాలని, ప్రవేశ పరీక్షలో లెక్కల పేపరు గట్టెక్కిస్తే చాలని ఇంటిల్లిపాదీ ఆశ. పరీక్ష ఇంకా పది వారాలుంది, ఫారానికి నెలాఖరు గడువు. అది అలమరలో పాత వార్తాపత్రికల కింద, తెల్లగా, ఒక్క గీతైనా పడకుండా దొరికింది.

"ఇదేంటే, ఇంకా నింపలేదు?"

"రాయను అత్తా."

"రాయవా? ఏ మహారాజు వద్దన్నాడు?"

"నాకు లెక్కలు రావు."

వంటింట్లోంచి మరదలు తల బయటపెట్టింది. "నెల రోజుల్నుంచీ ఇదే పాట వదినా. నాకొద్దు, నాకు రాదు, నేను మొద్దుని అని. దీని నోట్లోంచి ఆ మాట వస్తుందని కల్లో కూడా అనుకోలేదు."

ఫోనమ్మ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కల నోటుబుక్కు తెమ్మంది. నోటుబుక్కు మొదటి సగం నిండా ఒకటే పాఠం. వాస్తవ సంఖ్యలు. మళ్లీ వాస్తవ సంఖ్యలు. తేదీ మారింది, సిరా మారింది, పాఠం మారలేదు. చివరి పేజీలు తిప్పితే అక్కడొక జాబితా ఉంది, పిడుగు గుండ్రటి చేతిరాతలో.

'ఒకటి. నీలం కళ్లజోడు టీచరు. వాస్తవ సంఖ్యలు. రెండు. పొడుగు మాస్టారు. వాస్తవ సంఖ్యలు. మూడు. తెలుగు టీచరట, ఐనా వాస్తవ సంఖ్యలు.' అలా కిందికి. 'పదిహేడు. డ్రాయింగు మాస్టారు. వాస్తవ సంఖ్యలు కాసేపు, తర్వాత గుర్రం బొమ్మ. గుర్రం బాగా వచ్చింది. ఇరవై తొమ్మిది. నిద్రపోయారు.' ఆఖరిది నలభై ఒకటి.

"ప్రతివాళ్లూ మొదటి పాఠమేనా?" అంది ఫోనమ్మ.

"ఎక్కడిదాకా అయిందో వాళ్లకి తెలీదు కదా అత్తా. సరే మొదట్నుంచీ మొదలెడదాం అంటారు. అయిపోయింది సార్ అంటే, పునాది గట్టిపడుతుంది, మళ్లీ వినండి అంటారు. పాఠం సగంలో ఉండగా వెళ్లిపోతారు. మళ్లీ ఇంకొకరు." పిడుగు బుక్కు మూసేసింది. "మొదట్లో నవ్వుకునేవాళ్లం. తర్వాత మాకే అనిపించింది, మాకు రెండో పాఠం చెప్పేంత తెలివి లేదేమో, అందుకే చెప్పట్లేదేమో అని."

పిడుగు అమాయకంగా ఇంకో మాట కూడా కలిపింది.

"వాళ్లందర్నీ నువ్వే కదా పంపింది? ఎవరైనా మంచివాళ్లుంటే ఈసారి నాలుగు రోజులకన్నా ఎక్కువ ఉంచవా?"

కోపంగా అని ఉంటే కొంత నయం. ఆ పిల్ల అడగడం అడగడం సాయం అడిగినట్టు అడిగింది. ఫోనమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది, మొదటి వాటా తన మీదే. చిరుగు కనపడకుండా ఇంత నేర్పుగా అతుకులేస్తూ కూర్చుంది కాబట్టే కొత్త చొక్కా కొనాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆ నలభై ఒక్కమందినీ పొద్దున్నే లేపి, బతిమాలి, ఆ గదిలోకి తోసింది తన గొంతే. తోసిన ప్రతిసారీ గడి పచ్చబడింది, పిల్ల ఎర్రబడింది.

సోమవారం పొద్దున ఎనిమిది దాటగానే ఆవిడ నాలుగో అంతస్తెక్కింది. ఇరవై మూడేళ్లలో పిలవకుండా ఎక్కడం అదే మొదలు. డైరెక్టరు గదిలో గోడంత తెర, దాని మీద మూడు వేల పచ్చ గడులు.

"సార్, మన ఊరి బడిలో పదో తరగతి, పద్నాలుగో నంబరు గది. లెక్కల టీచరు రిటైరై ఏడు నెలలైంది. మనిషిని వేయండి."

డైరెక్టరు ఓపికగల మనిషి. తెర దగ్గరికెళ్లి, ఆ గడి వెతికి, వేలు పెట్టి చూపించాడు. "పచ్చగానే ఉంది కదమ్మా. ఖాళీ ఎక్కడుంది?"

"ఆ పచ్చ నేను పూసిన రంగు సార్. కింద గోడ లేదు. పిల్లలు నలభై ఒక్కసారి మొదటి పాఠం విన్నారు. రెండో పాఠం ముఖం చూడలేదు. ఇలాంటి గదులు నూట అరవై ఉన్నాయి, లెక్క నా దగ్గరుంది."

"చూడండి, మీరు ఒక గది చూస్తున్నారు. నేను వ్యవస్థని చూస్తున్నాను. వచ్చే ఏడాది మన పరివర్తన ప్రణాళిక రెండో దశలో..."

"వచ్చే ఏడాదికి ఆ పిల్లలు పదో తరగతిలో ఉండరు సార్."

"అందుకే అంటున్నాను, భావోద్వేగంతో వ్యవస్థలు నడవవు." ఆయన గడియారం చూసుకున్నాడు. "మీ పని మీరు అద్భుతంగా చేస్తున్నారు. అదే చేస్తూ ఉండండి. పటం కూడా ఇచ్చాం కదా?"

పైన పటారం, లోన లొటారం. ఫోనమ్మ మెట్లు దిగుతూ ఒక్కో అంతస్తులో ఆగి చూసింది. మూడో అంతస్తులో నలుగురు గోడకి రంగుకాగితాలు అంటిస్తున్నారు. ఒకప్పుడు వాళ్లు నలుగురూ పేరున్న లెక్కల టీచర్లు. వాళ్ల క్లాసు కోసం పిల్లలు బడి మారేవారు. రెండో అంతస్తులో 'బోధనలో ఆనందం' అని సమావేశం, తలుపు వేసుకుని. ఇల్లు కాలుతుంటే ఇంట్లోవాళ్లంతా మంటల మీద ఉపన్యాసం వింటున్నట్టుంది.

కిందికొచ్చి అలమర అడుగు నుంచి పాత నిబంధనల పుస్తకం లాగింది. ఉద్యోగంలో చేరినప్పుడు ఈ పుస్తకం మీదే పరీక్ష రాసింది. పందొమ్మిదో నిబంధన ఎక్కడికీ పోలేదు. 'అవసరమైనప్పుడు, బోధనా సర్టిఫికెట్టు గల ఉద్యోగి ఎవరినైనా, హోదాతో నిమిత్తం లేకుండా, తరగతికి పంపు అధికారం హాజరు విభాగం గుమాస్తాకు కలదు.' ఎవరూ కొట్టేయలేదు. మెట్ల కింద ఉన్నదాన్ని కొట్టేయాలంటే ముందు అది ఉందని గుర్తుండాలి కదా.

పై నాలుగంతస్తుల్లో సర్టిఫికెట్టున్నవాళ్ల జాబితా తీసింది. నూట అరవై ముగ్గురు. టీచరు లేని గదులు నూట అరవై.

ఆవిడ రెండుసార్లు సరిచూసుకుంది. టీచర్ల కొరత, టీచర్ల కొరత అని రెండేళ్లుగా ఊరంతా గుండెలు బాదుకుంటుంటే, ఆ కొరతంతా ఫ్యాను కింద కూర్చుని టిక్కులు పెడుతోంది! పైగా ముగ్గురు మిగులు. ఫోనమ్మ ఒక్కతే ఆ గదిలో పెద్దగా ఒక బూతు మాట అంది. ఇరవై మూడేళ్లలో అదీ మొదటిసారే.

ఆ వారమంతా గడులు ఎప్పటిలాగే నింపింది, ఎవరికీ అనుమానం రాకుండా. సాయంత్రాలు కూర్చుని, ఎవరు ఏ సబ్జెక్టో, ఎవరి ఇల్లు ఏ బడికి దగ్గరో జతలు కట్టింది. తరువాతి సోమవారం ఆరు గంటలకి మీట నొక్కింది. నూట అరవై ఫోన్లకి ఒకేసారి మెసేజి వెళ్లింది. 'పందొమ్మిదో నిబంధన ప్రకారం మీరు ఈరోజు ఫలానా బడి, ఫలానా గదిలో పాఠం చెప్పవలెను. రానివారి పేరు గైర్హాజరుగా బోర్డుకు వెళ్లును.'

ఆరూ రెండు నిమిషాలకి ఫోను మోగడం మొదలైంది.

"ఫోనమ్మగారూ, పొరపాటున నాకొచ్చినట్టుంది. నేను సమన్వయకర్తని."

"పొరపాటు లేదు మేడమ్. ఏడో తరగతి, సైన్సు. సమన్వయం అక్కడ చేయండి."

"నేను పిల్లలకి పాఠం చెప్పి రెండేళ్లైందండీ!"

"పిల్లలు పాఠం విని కూడా అంతే అయింది. జోడీ కుదిరింది."

ఒకాయన దగ్గాడు. ఫోనమ్మ శ్రద్ధగా విన్నది. "ఇది బుర్రలోది సార్. బయల్దేరండి," అంది. ఒకావిడ మాత్రం, "నిజంగా వెళ్లొచ్చా? మళ్లీ పైకి రమ్మనరు కదా?" అని అడిగింది. ఆ ఒక్క ఫోనుకే ఆవిడ కోపం కాస్త తడబడింది.

ఏడున్నరకి డైరెక్టరే మెట్ల కిందికి వచ్చాడు. ఆ గది ఎక్కడుందో కాపలాదారుని అడిగి మరీ వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఏంటమ్మా ఈ అఘాయిత్యం? నన్ను పద్నాలుగో నంబరు గదికి పంపడానికి నువ్వెవరివి?" మీరు కాస్తా నువ్వైంది.

"గుమాస్తాని సార్. పందొమ్మిదో నిబంధన." పుస్తకం తెరిచి ముందు పెట్టింది. "మీది లెక్కల సర్టిఫికెట్టు. ఇంకా చెల్లుతుంది."

"పదింటికి నాకు మీటింగుంది!"

"మీటింగుకి ఎవరొస్తారు సార్? అందరూ క్లాసుల్లో ఉన్నారు."

"నీ ఉద్యోగం ఉండదు. సాయంత్రానికి కాగితం చేతికొస్తుంది."

"రానివ్వండి. రేపు ఐదున్నరకి ఆ ఫోను మీరే ఎత్తుకుందురు. దగ్గులు గుర్తుపట్టడం మాత్రం కష్టం, ముందే చెబుతున్నా." ఆవిడ పుస్తకాన్ని ఆయన వైపు ఇంకాస్త జరిపింది. "ప్రతి సభలో అంటారు కదా, నాలో టీచరు ఇంకా బతికే ఉన్నాడు అని. ఒక్క పీరియడు ఆయన్ని బయటికి రమ్మనండి సార్. ఉన్నాడో లేడో పిల్లలే చెబుతారు."

ఆయనకి అది తగలవలసిన చోటే తగిలింది. "నడు. నువ్వు కూడా రా. పాఠం చెప్పడమంటే ఏమిటో నీకూ చూపిస్తాను. తర్వాత నీ సంగతి," అన్నాడు.

ఇరవై మూడేళ్లుగా తను నింపుతూ వచ్చిన గదుల్లో ఒక్కదాన్నైనా ఫోనమ్మ చూడలేదు. పద్నాలుగో నంబరు గదిలో కిటికీ రెక్క ఒకటి తాడుతో కట్టి ఉంది. నల్లబల్ల ఎడమ మూల తుడిచీ తుడిచీ పాలిపోయింది, ప్రతివాళ్లూ పాఠం పేరు అక్కడే రాస్తారు కాబట్టి. యాభై రెండు మంది పిల్లలు లేచి నిలబడి, ఈయనెన్ని రోజులో అన్నట్టు చూసి, కూర్చున్నారు. పిడుగు మూడో బెంచీలో అత్తని చూసి నోరు తెరిచింది.

డైరెక్టరు సుద్దముక్క తీసుకున్నాడు. చింత చచ్చినా పులుపు చావలేదు, వేళ్ల మధ్య అది సరిగ్గా ఇమిడింది. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. వాస్తవ సంఖ్యలు.

"పునాది గట్టిగా ఉండాలి కాబట్టి, మొదట్నుంచీ మొదలుపెడదాం. రూట్ టూ కరణీయ సంఖ్య అని ఎలా నిరూపిస్తాం? ముందు దాన్ని అకరణీయ సంఖ్య అనుకుందాం..."

యాభై రెండు గొంతులు ఒక్కసారిగా అందుకున్నాయి. ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ ఆపలేదు. ఊహ, వర్గం, సరి సంఖ్య, సామాన్య కారణాంకం, ఎక్కడా తడుముకోకుండా, ఎక్కం అప్పజెప్పినట్టు, "ఇది మన ఊహకి విరుద్ధం, కాబట్టి రూట్ టూ కరణీయ సంఖ్య" దాకా వెళ్లి, "అర్థమైందా పిల్లలూ? ఎవరికైనా సందేహాలున్నాయా?" అని కూడా వాళ్లే అనేసి ఆగారు. ఒక్కరూ నవ్వలేదు.

డైరెక్టరు చేయి బోర్డు మీదే ఆగిపోయింది.

"ఇంత బాగా వచ్చు కదా," అన్నాడు చివరికి. "తర్వాతి పాఠం ఎంతవరకైంది?"

పిడుగు లేచింది. "తర్వాతిది ఏంటో మాకు తెలీదు సార్. మీరు నలభై రెండో వారు."

ఆయన కాసేపు కిటికీకి కట్టిన తాడు వైపు చూశాడు. తర్వాత బోర్డు తుడిచాడు, అడ్డంగా, పూర్తిగా. ఎడమ మూలలో 'బహుపదులు' అని రాశాడు. యాభై రెండు నోటుబుక్కుల్లో కొత్త పేజీ తిరిగిన చప్పుడు ఫోనమ్మకి వినిపించింది.

పాఠం బాగా చెప్పాడు. అక్కడే ఆవిడకి మళ్లీ ఒళ్లు మండింది. చేతగానివాడైతే పోనీలే పాపం అనుకోవచ్చు. ఇంత బాగా చెప్పగలిగినవాడు, వెనక బెంచీ మొద్దబ్బాయి చేత కూడా బోర్డు మీద లెక్క చేయించి కూర్చోబెట్టగలిగినవాడు, రెండేళ్లుగా గోడ మీద రంగులు చూసుకుంటూ కూర్చున్నాడా? ఇలాంటివాళ్లని నూట అరవై ముగ్గురిని కూడగట్టి తాళం వేసుకున్నాడా? పిల్లలు మొద్దులమేమో అని తలదించుకుంటుంటే తను పటం పుచ్చుకుని నవ్వుతూ ఫోటో దిగిందా?

గంట కొట్టారు. డైరెక్టరు సుద్ద దులుపుకుని తలుపు వైపు నడిచాడు. ముందు బెంచీ పిల్ల ఆగలేక అడిగేసింది. "సార్, రేపెవరు?"

ఆయన అలవాటు ప్రకారం ఫోనమ్మ వైపు తిరిగాడు, ఆ పని ఆవిడది కాబట్టి.

"రేపు మీరే సార్," అంది ఫోనమ్మ, క్లాసంతా వినేలా. "ఎల్లుండీ మీరే. నాలుగు రోజులయ్యాక మార్చను. ఐదో రోజూ మీ పేరే ఉంటుంది, గడి ఎర్రబడుతుంది, బోర్డు ముందుకి వెళ్తుంది. నూట అరవై గడులూ అంతే. వద్దనుకుంటే నన్ను తీసేసి ఆ పేర్లు మీ చేత్తో మార్చుకోండి. ఈ పిల్లల ముందు మాత్రం ఆ మాట ఇప్పుడే చెప్పి వెళ్లండి."

యాభై రెండు ముఖాలు డైరెక్టరు వైపే తిరిగాయి. ఆయన వెనక్కొచ్చి, బల్ల మీద పెట్టిన సుద్దముక్క తీసి జేబులో వేసుకుని బయటికి వెళ్లాడు. రేపటికోసం దాచుకున్నాడో, చేతులకేం తోచక వేసుకున్నాడో ఆ పూటకి ఎవరూ చెప్పలేరు.

పిడుగు అప్పటికే నోటుబుక్కు చివరి పేజీ తీసి, కలం పట్టుకుని ఉంది.

"అత్తా, నలభై రెండు అని రాయనా?"

"ఇప్పుడే రాయకు," అంది ఫోనమ్మ. సంచీలోంచి తెల్ల ఫారం తీసి ఆ పేజీ మీద పెట్టింది. "శుక్రవారం దాకా ఆగు. ముందు ఇది నింపు."